రాయికి నంబరు వేసింది మళ్లీ కట్టడానికి, మన ఇంటికి వేసింది కూల్చడానికి



పోస్టు పెద్దగా ఉంటది. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, పడతా. కానీ సగం చదివి తిట్టకండి.

మొన్న ఆగస్టు 9 మీటింగులో మన సీనియర్లు ఒక వినతిపత్రం తయారు చేశారు. పోలవరం ముంపు ఆదివాసీల కోసం ఒక మ్యూజియం కట్టించాలని అందులో అడిగారు. మంచి మాటే. నేనూ సంతకం పెడదామని పెన్ను తీశాను. కింద లిస్టు చదివి పెన్ను మళ్లీ లోపల పెట్టుకున్నాను. ఆ లిస్టులో ఏముందో మీలో చాలామంది చూసే ఉంటారు. కొమ్ము డాన్సు చేసే జంటల బొమ్మలు. విల్లంబులు పట్టుకున్న వేటగాడి బొమ్మ. రోటి దగ్గర ఆడమనిషి బొమ్మ. ఒక పూరిగుడిసె. ఒక సెల్ఫీ పాయింటు. తేనె, చింతపండు అమ్మే స్టాలు.

అంతే. మన ఊళ్లు ఎక్కడుండేవి, ఎవరు ఖాళీ చేయించారు, ఏ నెలలో, ఏ బండిలో వచ్చాం, వచ్చేటప్పుడు ఏం వదిలేసి వచ్చాం, ఒక్క లైను లేదు.

అన్నా అని పిలిచే వాళ్లతోనే వాదం పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అయినా ఇది చెప్పకుండా ఉండలేను. మనకు మ్యూజియం కావాలి. అయితే అది మనల్ని ఎట్లా తరలించారో చెప్పే మ్యూజియం కావాలి. మన డాన్సు, మన విల్లు, మన గుడిసె మాత్రమే చూపించే మ్యూజియం అయితే దాన్ని మనమే అడగొద్దు. అడిగితే మన చరిత్ర మీద మనమే మట్టి కప్పినట్టు.

మాసబ్ ట్యాంకులో ట్రైబల్ మ్యూజియం ఉంది. అరకులో ఉంది. జోడేఘాట్‌లో కుమ్రం భీం పేరున ఉంది. మేడారంలో ఉంది. వాటిని తక్కువ చేసి మాట్లాడటం లేదు. అవి లేకపోతే మన వస్తువులు చాలా మటుకు ఎప్పుడో పోయేవి. కానీ అలాంటి చోట్ల ఎక్కువగా కనపడేది ఏంటి? నిలువెత్తు బొమ్మలు. గుడిసె ముందు ఒక కుటుంబం నిలబడి ఉంటది. ఆ బొమ్మకు ఊరు పేరు ఉండదు, ఇంటి పేరు ఉండదు, సంవత్సరం ఉండదు. చూసినోళ్లకు ఏమనిపిస్తది? వీళ్లు ఎప్పటినుంచో ఇక్కడే, ఇట్లాగే ఉన్నారు, వీళ్లకు ఏమీ జరగలేదు అనిపిస్తది. మనకు జరిగినన్ని ఈ రాష్ట్రంలో ఇంకెవరికి జరిగాయి?

నా సంగతి ఒకటి చెప్తాను, వాదానికి అవసరం కాబట్టి. డిగ్రీ మొదటి సంవత్సరంలో కాలేజీ వాళ్లు నాగార్జునకొండ తీసుకెళ్లారు. నేను చూసిన మొదటి మ్యూజియం అదే. మా ఇంట్లో మ్యూజియం అనే మాట పలికిన మొదటి మనిషిని కూడా నేనే అనుకుంటా. లాంచీ ఎక్కి దీవి మీదికి పోయాం. నాగార్జునసాగర్ డ్యాముకు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేశారు. డ్యాం కడితే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతదని తెలిసి, అంతకు ముందు ఏడాదే పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టారు. 1960 దాకా తవ్వారు. దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు. కొన్ని కట్టడాలను కొండ మీద, అనుపు దగ్గర మళ్లీ కట్టారు. 1966 నాటికి దీవి మీద మ్యూజియం తయారైంది.

అక్కడ ఛాయాస్తంభాలు అని ఉన్నాయి. చనిపోయిన వాళ్ల గుర్తుగా దాదాపు 1700 ఏళ్ల కింద నిలబెట్టిన రాతి స్తంభాలు. మా ఫ్రెండ్స్ ఫొటోలు దిగుతున్నారు. నాకు మా తాత రాయి గుర్తొచ్చింది. మనలో చనిపోయిన పెద్దల పేరున రాయి నిలబెడతాం కదా. మా పాత ఊరి పొలిమేరలో మా తాతకు రాయి ఉంది, ఆయన తండ్రికి రాయి ఉంది, ఇంకా పేర్లు మర్చిపోయిన వాళ్ల రాళ్లు ఉన్నాయి. ఇక్ష్వాకుల కాలంలో ఎవరో సేనాపతి పోతే నిలబెట్టిన రాయికి కొండ మీద చోటు దొరికింది. మా తాత రాయికి గోదావరి అడుగున దొరికింది.

ఆ శిల్పాలను కాపాడిన వాళ్లను నేను తప్పు పట్టడం లేదు. చాలా మంచి పని చేశారు. నేను అడిగేది వేరే. నీళ్లు రాకముందే ఏం కాపాడుకోవాలో ఈ దేశానికి 1954లోనే తెలుసు. ఎట్లా కాపాడాలో కూడా తెలుసు. తర్వాత శ్రీశైలం ప్రాజెక్టు వచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, ఆలంపూర్ తీసుకెళ్లి మళ్లీ అదే వరసలో పేర్చారు. అదే ప్రాజెక్టు కింద 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లను ఖాళీ చేయించారు. గుడికి ఇచ్చిన టైము మనుషులకు ఇవ్వలేదు.

మన ఇళ్లకు కూడా నంబర్లు వేశారు, గుర్తుందా? సర్వే వాళ్లు వచ్చి గోడ మీద ఎర్ర రంగుతో రాశారు. నాకప్పుడు అది ఆట. మా ఇంటి నంబరు పలక మీద రాసుకుని తిరిగేదాన్ని. గుడి రాయికి నంబరు వేసింది మళ్లీ కట్టడానికి. మా గోడకు నంబరు వేసింది లెక్క రాసుకుని కూల్చడానికి. ఈ తేడా చెప్పని మ్యూజియం మనకెందుకు?

ఇప్పుడు మాట దగ్గరికి వస్తా. వినతిపత్రంలో ఒక చోట "వలస వచ్చిన గిరిజనులు" అని రాశారు. ఎవరు రాశారో గానీ ఆ మాట కొట్టేయాలి. వలస అంటే బతుకుదెరువు వెతుక్కుంటూ మనంతట మనం పోవడం. పాలమూరు తండాల నుంచి ముంబై, పుణె పోయిన వాళ్లది వలస. అందులోనూ కరువు తరిమింది అనుకోండి, అది వేరే కథ. మనది వలస కాదు. మా అవ్వను ఒకసారి అడిగాను, అవ్వా మనం ఊరు విడిచి ఎప్పుడు వచ్చాం అని. "మేం విడిచి రాలే బిడ్డా, మమ్మల్ని తోలిర్రు" అంది. గొడ్లను తోలినట్టు. చదువు రాని మా అవ్వ సరిగ్గా చెప్పిన మాటను డిగ్రీలు చదివే మనం తప్పు రాస్తున్నాం.

మ్యూజియంలో ప్రతి బోర్డు మీద ఇదే చూడాలి. "ఊరు ఖాళీ అయ్యింది" అని రాస్తే ఊరు తనంతట తానే ఖాళీ అయినట్టు ఉంటది. "ఫలానా తేదీన, ఫలానా ఉత్తర్వు మీద, ఇన్ని ఇళ్లను ఖాళీ చేయించారు" అని రాయాలి.

పోలవరం సంగతి అందరికీ తెలుసు అనుకుంటున్నాం. నిజంగా తెలుసా? మన జూనియర్లను అడిగి చూడండి. 1940ల్లోనే రామపాద సాగర్ అనే పేరుతో ఈ డ్యాం ఆలోచన ఉందని ఎంతమందికి తెలుసు? మన తాతలు పుట్టకముందు నుంచే మన ఊళ్లు కాగితం మీద మునిగి ఉన్నాయి. 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు ముంపు లెక్కలో ఉన్నాయి. అందులో దాదాపు సగం ఆదివాసీలే, కోయలు, కొండరెడ్లు. 2014లో రాష్ట్రం విడిపోయేటప్పుడు ఈ ప్రాజెక్టు కోసమే ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రలో కలిపారు. వేలేరుపాడు, కుకునూరు వాళ్లు ఖమ్మం జిల్లాలో పుట్టి, పశ్చిమ గోదావరిలో చదువుకుని, 2022 నుంచి ఏలూరు జిల్లా అని రాస్తున్నారు. ఇంట్లోంచి అడుగు బయట పెట్టకుండానే మూడు జిల్లాలు చూశారు. ఇది కూడా తరలింపే. సర్టిఫికెట్ కోసం తిరిగిన వాళ్లకు తెలుస్తది.

41.15 కాంటూరు, 45.72 కాంటూరు అనే లెక్కలు మన అవ్వలకు కూడా నోటికి వచ్చు. ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత అనేది ఆ అంకెలే చెప్పాయి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ అంకెలు కూడా పని చేయలేదు. కాంటూరు పైన ఉన్నామని ధైర్యంగా ఉన్న వాళ్లు కూడా గుట్టలెక్కి టార్పాలిన్ల కింద పడుకున్నారు. ఈ కథ కొమ్ము డాన్సు బొమ్మ చెప్తదా?

ఇక్కడ ఒకరు అడగొచ్చు, మన చరిత్ర అంటే డ్యాం ఒక్కటేనా అని. కాదు. అసలు మనం కదిలిన చరిత్ర మనకు కొత్త కాదు. దాన్ని దాచుకునే పద్ధతి కూడా మనకు ఉంది. కోయల పడిగె చూశారా? పొడుగాటి గుడ్డ జెండా, దాని మీద బొమ్మలు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఎవరి గట్టుకు వాళ్ల వేల్పు, వాళ్ల కథ. డోలి కోయలు వచ్చి పడిగె ముందు డోలి కొట్టి, కంచుతాళం వేసి, మన వంశం ఎక్కడ మొదలైంది, ఏ దారిన వచ్చింది, ఎవరెవరు పుట్టారు అని పాడతారు. అద్దాల పెట్టె లేదు, టికెట్ లేదు, కరెంటు బిల్లు లేదు. గుడ్డ చుట్టి చంకన పెట్టుకుని ఇంకో ఊరికి పోతారు. మనవాళ్ల మ్యూజియం అదే.

మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు ఆ పాటలు పాడే పెద్దమనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. 2024 జూన్‌లో ఆయన చనిపోయారు. మళ్లీ స్టేటస్‌లు పెట్టుకున్నాం. అదే ఏడాది అక్టోబర్‌లో మర్లవాయి గుస్సాడీ కనకరాజు గారు కూడా పోయారు. ఈ రెండు స్టేటస్‌ల మధ్య మనం ఎన్ని పాటలు రాసిపెట్టుకున్నాం? నేనైతే ఒక్కటీ రాయలేదు. సిగ్గుగానే చెప్తున్నాను.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. మీటింగు అయ్యాక హాస్టల్ వరండాలో ఇవే అడిగారు.

మొదటిది: "ముందు ప్యాకేజీ డబ్బులు, భూమికి భూమి తేల్చనీ, మ్యూజియం తర్వాత చూద్దాం." ఈ మాట అన్న అన్న మీద నాకు గౌరవం ఉంది, వాళ్ల ఇంట్లో ఇంకా తేలలేదు. కానీ అన్నా, శ్రీశైలం వాళ్లను చూడు. వాళ్ల ఇంటికో ఉద్యోగం కోసం 1986లో జీవో 98 వచ్చింది. ఎన్నో ఏళ్లు గడిచాక కూడా ఆ జీవో పట్టుకుని తిరిగిన కొడుకులున్నారు. అలా తిరిగే వాళ్లను ఆఫీసులో మొదట అడిగేది ఏంటి? నువ్వు ఆ ఊరి వాడివే అనడానికి ఆధారం ఏంది అని. ఊరు లేదు, ఇల్లు లేదు, సాక్ష్యం చెప్పే ముసలోళ్లు లేరు. నేను చెప్పే మ్యూజియం ఆ ఆధారమే. పట్టా జిరాక్సు, గ్రామసభ తీర్మానం కాపీ, సర్వే స్లిప్పు, పాత రేషన్ కార్డు, ఇంటి ముందు దిగిన ఫొటో, ఇవి ఒక చోట, వరసగా, మన దగ్గర ఉండాలి. ఒక్క బీరువాతో అయినా సరే. డబ్బుల కొట్లాటకు ఇది అడ్డం కాదు, దానికి వెన్నుదన్ను.

పట్టా ఉన్న భూమికి లెక్క కట్టారు. ఇప్పచెట్టుకు? ఏ చెట్టు కింద ఏ ఇంటి వాళ్లు పువ్వు ఏరుకోవాలో ఊళ్లో అందరికీ తెలుసు. కాగితం మీద లేదు. తునికాకు కోసిన అడవి, చేపలు పట్టిన మడుగు, పశువులు తిరిగిన బీడు, ఏ లెక్కలో వచ్చాయి? కాగితంలో లేనిది మనమైనా రాసిపెట్టకపోతే, లేనట్టే అయిపోతది.

రెండోది: "ఫోన్లలో ఫొటోలు, వీడియోలు ఉన్నాయి కదా." ఉన్నాయి. ఎవరి ఫోన్లో? మా పాత ఊరి వీడియో మా బాబాయి ఫోన్లో ఉండేది. ఫోన్ వానలో తడిసి పోయింది. ఊరు ఒకసారి నీళ్లలో మునిగింది, రెండోసారి ఫోన్లో మునిగింది.

మూడోది గట్టి ప్రశ్న: "మ్యూజియం కడితే మన కథ అయిపోయినట్టే కదా, దండేసి దండం పెట్టేస్తారు." నిజం. ఈ భయం నాకూ ఉంది. రిబ్బన్ కట్ చేసి, సమస్య పరిష్కారమైంది అని బోర్డు పెట్టగలరు. అందుకే ఆ మ్యూజియంలో ఒక గది ఎప్పుడూ పూర్తి కాకుండా ఉండాలి. ఇంకా తేలని కేసులు, ఇంకా రాని భూమి, కాలనీలో ఇంకా రాని నీళ్లు, వాటి కాగితాలు ఆ గోడ మీద ఉండాలి. తేలిన రోజు మనమే తీస్తాం.

ఇట్లాంటివి లోకంలో లేవా అంటే ఉన్నాయి. అమృత్‌సర్ టౌన్‌హాల్‌లో 2017లో దేశ విభజన మ్యూజియం తెరిచారు. అక్కడ జనం ఇచ్చిన వస్తువులే ఎక్కువ. సరిహద్దు దాటేటప్పుడు వేసుకున్న కోటు, పట్టుకొచ్చిన చేతి పెట్టె. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అని ఒక పేట ఉండేది. 1966లో దాన్ని తెల్లోళ్ల ప్రాంతంగా ప్రకటించి, 60 వేల మందికి పైగా జనాన్ని తరిమి, ఇళ్లు బుల్డోజర్లతో కూల్చారు. 1994లో అక్కడ మ్యూజియం పెట్టారు. నేల మీద పాత పేట మ్యాపు పెద్దగా పరిచారు. పాత జనం వచ్చి మా ఇల్లు ఇక్కడ ఉండేది అని ఆ మ్యాపు మీద చేత్తో రాశారు. పోయిన భూమిని తిరిగి అడిగే పోరాటంతో పాటే ఆ మ్యూజియం పెరిగింది. అక్కడ బొమ్మల కంటే పేర్లకు విలువ ఎక్కువ.

మన సొంత తప్పు కూడా ఒకటి చెప్పాలి. 2005 నుంచి సల్వాజుడుం దెబ్బకు ఛత్తీస్‌గఢ్ నుంచి మన అడవుల్లోకి గుత్తికోయలు వచ్చారు. మన భాషే, మన వేల్పులే. 2011లో సుప్రీంకోర్టు కూడా ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ఎస్పీఓలుగా వాడుకోవడం రాజ్యాంగానికి విరుద్ధం అని చెప్పింది. అయినా వాళ్లను మనం ఏమని పిలిచాం? బయటోళ్లు అన్నాం. ఇప్పుడు కాలనీ పక్క ఊరి వాళ్లు మనల్ని ముంపోళ్లు అంటుంటే కాలుతోంది. మన మ్యూజియంలో వాళ్లకూ ఒక గోడ ఉండాలి. మనకు జరిగింది మాత్రమే చెప్పి, మనం చేసింది దాస్తే అది కూడా బొమ్మల మ్యూజియమే.

ఇంకో జాగ్రత్త. వేల్పులను, పడిగెలను తెచ్చి అద్దాల పెట్టెలో పెడదాం అని ఎవరూ అనొద్దు. అవి పూజ అందుకునేవి. ఏది చూపించొచ్చు, ఏది చూపించకూడదు అనేది పెద్దలు, పూజారులు, వడ్డెలు చెప్పాలి. కన్సల్టెంట్ చెప్పకూడదు, మనమూ చెప్పకూడదు.

మరి ఏం చేద్దాం? బిల్డింగ్ కోసం ఎదురు చూడొద్దు. సంక్రాంతి సెలవులకు ఎలాగూ కాలనీలకు పోతాం. ఒక్కొక్కరం ఒక్క ఊరు పట్టుకుందాం. ఒక నోటుబుక్కు చాలు. పాత ఊళ్లో ఎన్ని గడపలు, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు. వాగుల పేర్లు, గుట్టల పేర్లు, పెద్ద చెట్ల పేర్లు. వేల్పు చోటు ఎటువైపు. రాళ్లు ఎవరెవరి పేరున ఉన్నాయి. విత్తనాల పండుగ ఎక్కడ చేసేవాళ్లు. ఏ తేదీన ఖాళీ చేయించారు, బండి ఎవరు పంపారు, బండిలో ఏం పట్టలేదు. ఎవరు రానన్నారు. వచ్చాక ఆ ఏడాదిలో ఎవరు చనిపోయారు. కోయలో చెప్తే కోయలోనే, తెలుగు లిపిలో రాయండి. పేరు బయట పెట్టొద్దన్న వాళ్ల పేరు రాయొద్దు. కాగితం అడిగితే జిరాక్సు తీసుకుని అసలుది వాళ్లకే ఇచ్చేయండి, మనం కూడా ఇంకో ఆఫీసు కావొద్దు.

అవన్నీ కలిపి ఒక పెద్ద గుడ్డ మీద మన ఊళ్ల పటం గీద్దాం. గోదావరి, శబరి, వాటి వెంట ఊళ్లు. పడిగె అని పేరు పెట్టొద్దు, ఆ పేరుకు విలువ వేరే. ఊరి పటం అందాం. కాలనీ కాలనీకి తీసుకెళ్లి పరుద్దాం. ముసలోళ్లు వచ్చి మా ఇల్లు ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తారు. మనం అక్కడ పేరు రాద్దాం. ప్రభుత్వం బిల్డింగ్ ఇస్తే ఆ గుడ్డను అందులో వేలాడదీద్దాం. ఇవ్వకపోతే చుట్టి చంకన పెట్టుకుని తిరుగుదాం. మన డోలి పెద్దలు చేసింది అదే కదా.

వినతిపత్రం చింపేయమని అనడం లేదు. లిస్టు మార్చమంటున్నాను. మొదటి పేజీలో ముంపు ఊళ్ల పేర్లన్నీ ఉండాలి. "వలస" అనే మాట పోయి "తరలించిన" అనే మాట రావాలి. కమిటీలో కాలనీల పెద్దలు, ముఖ్యంగా ఆడవాళ్లు, సగానికి తక్కువ కాకుండా ఉండాలి. డాన్సు బొమ్మలు ఆఖరి పేజీలో ఉంటే నాకు అభ్యంతరం లేదు, మన డాన్సు నాకూ ఇష్టమే. అలా మారిస్తే మొదటి సంతకం నాది.

మా అవ్వకు ఇప్పుడు చూపు సరిగ్గా లేదు. కాలనీలో వీధి దాటడానికి మనిషి కావాలి. కానీ పాత ఊరి గురించి అడిగితే కళ్లు మూసుకునే చెప్తది, బావి నుంచి మా గడపకు ఎన్ని అడుగులో. పోయిన సెలవుల్లో ఆ లెక్క రాసుకోకుండా వచ్చేశాను. ఈసారి నోటుబుక్కు తీసుకెళ్తున్నాను.

మీ ఊరి పేరు, ఆ ఊరి బాధ్యత ఎవరు తీసుకుంటారో చెప్పండి. లిస్టు నేను రాస్తాను.

జోహార్.